టైటానియం కేసు, మూడేళ్ల బ్యాటరీ

ఖరీదైన స్మార్ట్‌వాచ్ కొన్నవాళ్లు చెప్పే కారణాల్లో ఒకటి వింటే నాకు ఊరికే ఉండబుద్ధి కాదు. "రేటు కాస్త ఎక్కువే, కానీ టైటానియం కదా, చాలాకాలం వస్తుంది" అంటారు. చూడ్డానికి బాగుందని కొంటే నాకేం అభ్యంతరం లేదు. చేతికి తేలిగ్గా ఉందంటే సరే. నలుగురిలో ఠీవిగా ఉంటుందన్నా తప్పు పట్టను. మన్నిక పేరు చెప్పి వేలకు వేలు ఎక్కువ పెట్టడం దగ్గరే నా పేచీ. టైటానియం మన్నుతుంది. అందులో బిగించిన వాచీ మన్నదు.

స్మార్ట్‌వాచ్‌లో ఒక్కో భాగానికి ఒక్కో ఆయుష్షు. పైన కనిపించే కేసు (అంటే బయటి డొల్ల), అద్దం జాగ్రత్తగా వాడితే ఎన్నేళ్లయినా ఉంటాయి. లోపలి బ్యాటరీ మూడు నాలుగేళ్లకి నీరసపడుతుంది. సాఫ్ట్‌వేర్‌ని కంపెనీ ఐదారేళ్లు చూసుకుని వదిలేస్తుంది. ఇక నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు సీళ్లు, జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పట్టు తగ్గుతాయి. వాటర్ రెసిస్టెన్స్ శాశ్వతం కాదని కంపెనీలే తమ సైట్లలో రాసుకుంటాయి. వీటిలో ఏది ముందు పోతే వాచీ అప్పుడే మూలన పడ్డట్టు. మనం అదనంగా డబ్బు పోసేదేమో అన్నిటికంటే ఆఖర్న పోయే భాగానికి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు, పదేళ్ల చరిత్రే ఉంది. 2015 ఏప్రిల్‌లో మొదటి ఆపిల్ వాచ్ వచ్చినప్పుడు మూడు రకాలు అమ్మారు. అల్యూమినియంది 349 డాలర్ల నుంచి, స్టీలుది 549 నుంచి, 18 క్యారెట్ల బంగారంది 10,000 డాలర్ల నుంచి మొదలై 17,000 దాకా. మూడింటిలోనూ ఒకటే చిప్, ఒకటే సెన్సర్లు, ఒకే సాఫ్ట్‌వేర్. బంగారు వాచీ ఏ పనీ 349 డాలర్ల దానికంటే వేగంగా చెయ్యలేదు. ఏడాదిన్నర తిరక్కముందే 2016 సెప్టెంబర్‌లో బంగారాన్ని ఆపేశారు. 2018లో ఆపిల్ వాచీల సాఫ్ట్‌వేర్ వాచ్‌ఓఎస్ 5 వచ్చినప్పుడు మొదటి తరం వాచీలన్నిటినీ ఒకే గీత కింద వదిలేశారు, అల్యూమినియంతో పాటే బంగారాన్నీ. 2023లో వాటిని రిపేరు కూడా చెయ్యని పాత సామాను జాబితాలో చేర్చారు. పది వేల డాలర్లకి దొరికిన సాఫ్ట్‌వేర్ ఆయుష్షు మూడేళ్లు.

బంగారం పోయాక సిరామిక్ వచ్చింది. జిర్కోనియా పొడిని అచ్చుపోసి కొలిమిలో కాల్చి, వజ్రపు పొడితో మెరుగు పెట్టే సరుకు అది. గీతలు పడటం చాలా కష్టం, రంగు వెలవదు. నిజంగానే అందమైన వస్తువు. 2016 నాటి సిరీస్ 2 సిరామిక్ వాచీకి 2020లో కొత్త వాచ్‌ఓఎస్ రాలేదు. 2019లో సిరీస్ 5ని టైటానియంలో 799 డాలర్ల నుంచి, సిరామిక్‌లో 1,299 నుంచి అమ్మారు. 2024 సెప్టెంబర్‌లో వాచ్‌ఓఎస్ 11 వచ్చేసరికి సిరీస్ 5 కూడా జాబితాలో లేదు. అవి ఆ రోజే పనిచెయ్యడం మానేశాయని కాదు. టైమ్ చూపిస్తాయి, అడుగులు లెక్కపెడతాయి. కానీ యాప్‌లు ఒక్కొక్కటే చేతులెత్తేస్తాయి, ఫోన్ మార్చినప్పుడు జత కలవడానికి ఇబ్బందులు మొదలవుతాయి. ఈలోపు బ్యాటరీ మధ్యాహ్నానికే ఎర్రగీతలోకి వచ్చేస్తుంది. ఆ ఘడియలో చేతికి ఉన్నది సిరామిక్కో అల్యూమినియమో ఎవరికి కావాలి?

ఒక్క ఆపిల్ అనుకోకండి. శాంసంగ్ 2020లో గెలాక్సీ వాచ్ 3 తెచ్చింది, దానికి టైటానియం రకం కూడా ఉంది. మరుసటి ఏడాదే కంపెనీ టైజెన్ అనే తన పాత సాఫ్ట్‌వేర్‌ని వదిలి గూగుల్ వేర్ ఓఎస్‌కి మారిపోయింది. పాత వాచీలు కొత్తదానికి మారే దారి పెట్టలేదు. ఫాసిల్ కంపెనీ చాలా ఏళ్లు స్టీలు స్మార్ట్‌వాచీలు చేసి 2024 జనవరిలో ఈ వ్యాపారం నుంచే తప్పుకుంది. పెబుల్ అనే స్మార్ట్‌వాచ్ కంపెనీ కథ ఇంకా ముందుది. 2016 చివర్లో ఫిట్‌బిట్ ఆ కంపెనీ ఆస్తుల్ని కొనుక్కుంది, 2018 జూన్‌లో సర్వర్లు ఆగిపోయాయి. పెబుల్ టైమ్ స్టీల్ అనే గట్టి స్టీలు వాచీ కొనుక్కున్నవాళ్లకి ఆ స్టీలు ఏమీ సాయపడలేదు. అభిమానులు సొంతంగా సర్వర్లు పెట్టుకుని నడిపించారు కాబట్టి కొన్ని బతికాయి.

ఈ సంగతిని అందరికంటే నిజాయితీగా ఒప్పుకున్నది మాత్రం స్విట్జర్లాండ్ కంపెనీ ట్యాగ్ హోయర్ అని నా అభిప్రాయం. 2015 నవంబర్‌లో టైటానియం కేసు, సఫైర్ (కృత్రిమంగా చేసిన నీలమణి) అద్దంతో 1,500 డాలర్ల స్మార్ట్‌వాచ్ తెచ్చారు. తెస్తూనే ఒక ఆఫర్ పెట్టారు: రెండేళ్ల వారంటీ అయ్యాక ఇంకో 1,500 డాలర్లు కట్టి ఈ వాచీ తిరిగిచ్చేస్తే, బదులుగా బ్యాటరీ అక్కర్లేని మా మెకానికల్ వాచీ కరెరా ఇస్తాం. తరతరాలు నిలిచే గడియారాలు అమ్ముకుని బతికే కంపెనీ, తను చేసిన టైటానియం వాచీకి రెండేళ్ల తర్వాత ఏం గతి పడుతుందో ముందే ఆలోచించి పెట్టుకుందన్నమాట. ఆ తర్వాత 2017లో కేసు అలాగే ఉంచుకుని మధ్యలోని గుండెను మార్చుకునే మాడ్యులర్ వాచీ కూడా తెచ్చారు. ఆలోచన సరైనదే. మిగతావాళ్లెవరూ ఆ దారిన పెద్దగా వెళ్లలేదు.

ఇప్పుడు బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీ వెయ్యి పూర్తి ఛార్జింగ్ సైకిళ్ల తర్వాత అసలు సామర్థ్యంలో 80 శాతం దాకా నిలుపుకునేలా తయారు చేశామని ఆపిల్ తన వాచీల గురించి చెబుతుంది. ఫోన్‌ని రెండ్రోజులకోసారి ఛార్జ్ చేసేవాళ్లు ఉండొచ్చు గానీ ఈ వాచీలు చాలావరకూ రోజువారీ సరుకు. 18 గంటలు వస్తుందని చెప్పే వాచీకి రోజూ ఒక సైకిల్ ఖర్చు వేసుకుంటే వెయ్యి సైకిళ్లు మూడేళ్లలోపే అయిపోతాయి. అప్పటికి 18 గంటలు పద్నాలుగు చిల్లర అవుతాయి. పొద్దున ఆరింటికి పెట్టుకున్న వాచీ రాత్రి భోజనాల వేళకి చచ్చిపోతుంది. నిద్ర లెక్క చూసుకునే అలవాటు ఉన్నవాళ్లకి ఇంకా కష్టం.

ఇది మంచి వాతావరణంలో లెక్క. ఆపిల్ వాచ్‌ని వాడాల్సిన పరిసరాల ఉష్ణోగ్రత సున్నా నుంచి 35 డిగ్రీలని కంపెనీ పత్రాల్లోనే ఉంటుంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నాన్ని ఆ లెక్కలో ఎక్కడ ఇరికించాలో నాకు అర్థం కాదు. ఎండాకాలం రెండు నెలలు మన ఊళ్లలో సగం రోజు ఆ గీత దాటే ఉంటుంది. వేడికి లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుందన్నది అందరికీ తెలిసిన రసాయనమే. ఎండలో పార్క్ చేసిన కారులో డ్యాష్‌బోర్డు మీద వాచీ వదిలేసే మహానుభావులైతే మూడేళ్ల లెక్క కూడా మర్చిపోవచ్చు. టైటానియం కేసుకి 45 డిగ్రీలు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. లోపలున్నదానికే కష్టమంతా.

"బ్యాటరీ మార్పించుకోవచ్చు కదా" అంటారు. మార్పించుకోవచ్చు. వారంటీ అయిపోయాక అమెరికాలో ఆపిల్ దీనికి 99 డాలర్లు తీసుకుంటుంది. కానీ ఇక్కడో తమాషా ఉంది. వాచీ బ్యాటరీ సర్వీసుకి ఇస్తే తరచుగా వెనక్కొచ్చేది మీ వాచీ కాదు, అదే మోడల్‌లో వేరే పీసు. తెరిచి, బ్యాటరీ తీసి, మళ్లీ సీలు వెయ్యడం కంటే మొత్తం మార్చెయ్యడమే వాళ్లకి సులువు. అంటే మూడేళ్లు గీత పడకుండా కళ్లలో పెట్టుకుని చూసుకున్న ఆ కేసు, ఆ సఫైర్ అద్దం, పాత బ్యాటరీతో కలిసి వెళ్లిపోతాయి. మీ జాగ్రత్తకి విలువ సున్నా. గీతలు పడిన అల్యూమినియం వాచీ ఇచ్చినవాడికీ మచ్చలేని పీసే వస్తుంది!

ఇంతకీ ఈ ఖరీదైన పదార్థాలు అబద్ధాలా? కావు. ఒక్కోదాని కథ వేరు, అందులో అద్దం కథ అన్నిటికంటే ఆసక్తికరం.

వాచీకి మొదట దెబ్బ తగిలేది అద్దానికే. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద వజ్రం 10, సఫైర్ 9, క్వార్ట్జ్ 7. మామూలు గాజు ఐదున్నర, ఆరు దగ్గర ఉంటుంది. అల్యూమినియం వాచీలకి వాడే గట్టిపరిచిన గాజు దానికి కాస్త పైన. మన చుట్టూ ఉన్న దుమ్ములో, ఇసుకలో ఉండేదే క్వార్ట్జ్. గ్రానైట్‌లోనూ అదే. మన ఇళ్లలో వంటగట్టు గ్రానైట్, మెట్లు గ్రానైట్, లిఫ్ట్ పక్కన గోడ కూడా గ్రానైటే. గిన్నె అందుకుంటూ మణికట్టు గట్టు అంచుకి రాసుకుందంటే గాజు మీద వెంట్రుకలాంటి గీత ఖాయం. పాతకాలం ఇళ్లలో కడప బండ, తాండూరు బండ ఉండేవి. అవి సున్నపురాయి జాతి, గ్రానైట్ అంత మొండివి కావు. వాచీ అద్దాల విషయంలో మన తాతల వంటిల్లే దయగలది.

సఫైర్‌కి ఈ బెడద దాదాపు లేదు. అల్యూమినియం ఆక్సైడ్ పొడిని కరిగించి స్ఫటికంగా పెంచి, కోసి, సానబెడతారు. ఆగస్ట్ వెర్న్యూయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1902లోనే కృత్రిమంగా కెంపులు తయారు చేసే పద్ధతి బయటపెట్టాడు, గడియారాల్లో రాళ్లకి, అద్దాలకి దారి అక్కడ మొదలైంది. వింత ఏంటంటే అల్యూమినియం కేసు మీద అనొడైజింగ్ చేసి తెచ్చే పలచటి గట్టి పొర కూడా అల్యూమినియం ఆక్సైడే. చౌక వాచీ ఒంటి మీదున్నదీ ఖరీదు వాచీ ముఖం మీదున్నదీ రసాయనంగా ఒకటే పదార్థం. ఒకటి స్ఫటికం, ఇంకోటి పూత, అంతే తేడా.

అయితే గట్టిదనం వేరు, పగలకపోవడం వేరు. సఫైర్ గీతలకి లొంగదు గానీ పెళుసు. గట్టిపరిచిన గాజు సంగతి తిరగేసి. వేడి ఉప్పు ద్రవంలో ముంచినప్పుడు గాజు పైపొరలో ఉన్న చిన్న సోడియం అయాన్ల స్థానంలోకి పెద్ద పొటాషియం అయాన్లు వచ్చి ఇరుక్కుంటాయి. ఆ ఒత్తిడి వల్ల పైపొర బిగుసుకుని, పగులు పాకకుండా ఆపుతుంది. కాబట్టి గచ్చు మీద పడితే సఫైరే గెలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంకోటి, సఫైర్ వెలుగును ఎక్కువ వెనక్కి కొడుతుంది. గాజు ఒక్కో ఉపరితలం దగ్గర నాలుగు శాతం వెలుగును తిప్పికొడితే సఫైర్ ఏడు శాతం పైనే. దీన్ని తగ్గించడానికి పూత వేస్తే ఆ పూత మీద గీతలు పడతాయి. ఎండలో బండి నడుపుతూ మెసేజ్ చూడబోయినవాళ్లకి ఈ తేడా తెలుస్తుంది. బండి నడుపుతూ చూడకూడదనుకోండి, అది వేరే వ్యాసం.

అయినా సరే, ఖరీదైన పదార్థాల్లో డబ్బుకి కాస్త న్యాయం చేసేది సఫైరే అంటాను. కారణం సింపుల్. ఈ వాచీల్లో అద్దం, డిస్‌ప్లే ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. గీత పడ్డ అద్దం ఒక్కటే మార్చడం కుదరదు, మొత్తం మార్చాలి. పైగా గీత కళ్లెదుటే ఉంటుంది, రోజుకి వందసార్లు కనబడుతుంది. కేసు పక్కన చొట్ట పడితే మనకే గుర్తుండదు. ఆపిల్ 2019లో సిరీస్ 2, సిరీస్ 3ల్లో అల్యూమినియం రకాలకి మాత్రమే, అద్దం అంచున పగులు వస్తోందని ఉచితంగా స్క్రీన్లు మార్చే కార్యక్రమం పెట్టింది. అలాంటివి చూశాక చౌకరకంలో లోపాలే లేవని నేను వాదించను. కానీ మెయిన్ రోడ్డు పక్క షాపులో రెండు మూడు వందలకి వేసే స్క్రీన్ గార్డ్ ఆ గీతల పనిలో ముప్పాతిక చేస్తుంది. అందం చెడుతుందంటారా, ఒప్పుకుంటాను.

టైటానియం విషయానికొస్తే హైదరాబాద్ వాళ్లకి అది పరాయి లోహం కాదు. కంచన్‌బాగ్‌లో 1973 నుంచి ఉన్న మిధాని, అదే మిశ్ర ధాతు నిగమ్, విమానాలకి, రాకెట్లకి టైటానియం మిశ్రలోహాలు తయారు చేస్తుంది. పక్కనే ఉన్న రక్షణశాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ అభివృద్ధి చేసిన పద్ధతితోనే కేరళలో చవరా దగ్గర ఏడాదికి 500 టన్నుల టైటానియం స్పాంజ్ (ముడి లోహం) ఫ్యాక్టరీ 2011లో మొదలైంది. శ్రీకాకుళం, భీమిలి తీరాల్లో నల్లగా మెరిసే ఇసుకలో ఉండే ఇల్మెనైట్ టైటానియం ఖనిజమే. భూమి పొరలో దొరికే మూలకాల్లో టైటానియం తొమ్మిదోది, అరుదైందేమీ కాదు. ఖరీదంతా దాన్ని బయటికి తీయడంలో, చెక్కడంలో ఉంది. ఖనిజాన్ని క్లోరిన్‌తో టెట్రాక్లోరైడ్‌గా మార్చి, గాలి తగలకుండా మెగ్నీషియంతో వేడి చేసి, రోజుల తరబడి విడతలు విడతలుగా తీస్తారు. క్రోల్ పద్ధతి అంటారు. ఆ తర్వాత మిషన్ మీద చెక్కేటప్పుడు వేడిని బయటికి పంపదు, పనిముట్టు త్వరగా అరిగిపోతుంది.

కంపెనీలు గొప్పగా చెప్పుకునే గ్రేడ్ 5 అంటే ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వనాడియం కలిపిన టైటానియం. తుంటి ఎముక మార్చే ఆపరేషన్లలో వేసే ఇంప్లాంట్లకీ ఇదే కుటుంబం. ఒంట్లో పెట్టినా ఏళ్లకేళ్లు తుప్పు పట్టదు, చర్మానికి పడకపోవడం చాలా అరుదు. ఉప్పుగాలికి, చెమటకి లెక్కచెయ్యదు. విశాఖలో బీచ్ పక్కన ఉండేవాళ్లు గానీ, నికెల్ పడక స్టీలు బకిల్ దగ్గర దద్దుర్లు వచ్చేవాళ్లు గానీ టైటానియం కొంటే వాళ్లకి నా వాదన వర్తించదు. వాళ్లకది అవసరం.

మిగతావాళ్లకి చెప్పే లాభం బరువు. అదీ సగమే నిజం. స్టీలుతో పోలిస్తే టైటానియం చాలా తేలిక. 45 మిల్లీమీటర్ల సిరీస్ 9 స్టీలు వాచీ 51.5 గ్రాములు, కాస్త పెద్దదైన 46 మిల్లీమీటర్ల సిరీస్ 10 టైటానియం 41.7 గ్రాములు. కానీ సిరీస్ 10 అల్యూమినియం 36.4 గ్రాములే! అన్నిటికంటే తేలికైనది అన్నిటికంటే చౌకది. ఇక టైటానియం మీద గీతలు పడవనుకుంటే పొరపాటు. మామూలు 316ఎల్ స్టీలు కంటే గ్రేడ్ 5 గట్టిదే గానీ గ్రానైట్‌కి రెండూ లోకువే. పైగా నిగనిగలాడే స్టీలు మీది సన్నగీతల్ని మెరుగు గుడ్డతో చాలావరకూ పోగొట్టొచ్చు, పూత వేసిన నల్ల టైటానియం మీద ఆ వైద్యం పనిచెయ్యదు. ఇక "మిలిటరీ గ్రేడ్" అని అట్టపెట్టె మీద రాసుకునేదాని గురించి ఒక్క మాట. దాని వెనకున్న మిల్ ఎస్‌టీడీ 810 అనేది పరీక్షలు ఎలా చెయ్యాలో చెప్పే అమెరికా సైన్యం పత్రం. అందులో ఏ పరీక్షలు చెయ్యాలో ఎంచుకునేది కంపెనీయే.

డబ్బు లెక్క చూద్దాం. 2024లో సిరీస్ 10 మన దేశంలో వచ్చినప్పుడు చిన్న సైజు అల్యూమినియం 46,900, టైటానియం 79,900. తేడా 33,000 అనిపిస్తుంది. కానీ టైటానియం సెల్యులార్ రకంలోనే, అంటే ఫోన్ దగ్గర లేకపోయినా సొంత సిమ్‌తో పనిచేసే రకంలోనే దొరుకుతుంది, అదే సెల్యులార్ అల్యూమినియంలో 56,900. అంటే లోహానికి, అద్దానికి కలిపి 23,000, మిగిలిన 10,000 సిమ్ సదుపాయానికి. మీరు ఆ ఈసిమ్ ఎప్పటికీ వెయ్యించుకోకపోయినా ఆ పదివేలు కట్టాల్సిందే. నాకు తెలిసిన టైటానియం వాచీల వాళ్లలో చాలామంది ఫోన్ జేబులో లేకుండా గుమ్మం దాటరు. ప్రాసెసర్, సెన్సర్లు, బ్యాటరీ గంటలు రెండిట్లోనూ ఒకటే. ఐదేళ్ల తర్వాత సాఫ్ట్‌వేర్ ఆగిపోయేదీ ఒకే రోజు.

మా బావమరిది గచ్చిబౌలిలో ఉద్యోగం, టైటానియం మీద మనసు పడ్డాడు. ఈ లెక్కలన్నీ విని, "బావా, నువ్వు మెటీరియల్ సైన్స్ చెప్పు, వింటా. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి నా చేతికి ఉండే వస్తువు ఇదొక్కటే. ముట్టుకుంటే బాగుండాలి, చూస్తే బాగుండాలి. దానికి ఇరవై మూడు వేలు ఎక్కువా?" అన్నాడు.

"అదే చెప్పి కొనుక్కోరా, ఎవరు కాదన్నారు? చాలాకాలం వస్తుందని మీ అక్కకి మాత్రం చెప్పకు" అన్నాను.

వాడి మాటలో నిజం ఉంది. సోకు సోకే, దానికి ఎవరూ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. మనవాళ్లు నగలు కొనేటప్పుడు తరుగు, మజూరీ అని బంగారం ధర మీద ఎంత పడుతోందో బేరమాడి మరీ చూసుకుంటారు. పాత నగ వేసినప్పుడు బంగారం బరువుకి విలువ వస్తుందని, మజూరీ పోయినట్టేనని తెలిసే కొంటారు. స్మార్ట్‌వాచ్ మీద కట్టే అదనపు సొమ్ము మొత్తం మజూరీయే. కేసులో ఉన్న టైటానియాన్ని ముడిలోహంగా తూకం వేస్తే చెప్పుకోదగ్గ మొత్తం రాదు. సెకండ్ హ్యాండ్‌లో అమ్మబోతే ముందు అడిగేది ఏ సిరీస్, బ్యాటరీ హెల్త్ ఎంత అని. లోహం సంగతి ఆఖర్న వస్తుంది, వచ్చినా పెట్టిన తేడా వెనక్కి రాదు. ఆ లెక్కన అందరూ నవ్వుకున్న 2015 బంగారు వాచీయే నయం. అప్పట్లో మన దగ్గర పది గ్రాముల మేలిమి బంగారం 26,000 చిల్లర, 2025లో లక్ష దాటింది. ఆ వాచీ చచ్చిపోయినా దాని కేసుకి కంసాలి దగ్గర ఇంకా విలువుంది.

మన్నిక అంటే ఏమిటో చూడాలంటే మా మామగారి హెచ్‌ఎంటీ చూడాలి. దాని అద్దం ప్లాస్టిక్ లాంటి యాక్రిలిక్, గోరుతో గీకినా గీత పడేటట్టుంటుంది. కేసు మీద పూత అంచుల దగ్గర ఊడి ఇత్తడి బయటపడింది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీయే 2016లో మూతపడింది. ఆ వాచీ మాత్రం పొద్దున్నే కీ ఇస్తే నడుస్తుంది. అద్దం మసకబారినప్పుడల్లా కొత్తది వేయించారు, ఆయిలింగ్ చేయించారు, ఒకసారి స్ప్రింగ్ మార్పించారు. ఒక్కటీ ఖరీదైన పదార్థం కాదు. ప్రతి ముక్కా విప్పి మార్చేందుకు వీలుంది, మార్చే మనిషి వీధి చివర ఉన్నాడు.

ఖరీదు రకం కొనడం తెలివైన పనే అయ్యే సందర్భం ఒకటుంది. గార్మిన్ ఫీనిక్స్ లాంటి వాచీలు ఒక్క ఛార్జ్‌కి రెండు వారాలు దాటి నడుస్తాయి. అంటే ఏడాదికి పాతిక సైకిళ్ల చిల్లర. బ్యాటరీ అంత నెమ్మదిగా అరిగేటప్పుడు కేసు, అద్దం కూడా అంతకాలం ఉండాలి కాబట్టి సఫైర్‌కి పెట్టే డబ్బుకి అర్థం ఉంది. కొండలెక్కేవాళ్లు, సైట్ ఇంజినీర్లు, మెకానిక్‌లు, రోజంతా చేతులు రాళ్లకీ ఇనుముకీ తగిలేవాళ్లు కూడా అంతే. ఎయిర్ కండిషన్డ్ ఆఫీసులో కీబోర్డు ముందు కూర్చునే మణికట్టుకి లోతు సముద్రపు ఏర్పాట్లు చెయ్యడం చూస్తే నవ్వొస్తుంది, అంతే.

ఒకవేళ చేతిలో ఆ 23,000 ఉండి ఖర్చు పెట్టాలనే ఉంటే స్ట్రాప్ మీద పెట్టమంటాను. చర్మానికి తగిలేది కేసు కంటే స్ట్రాపే ఎక్కువ. మన చెమటకి తోలు వాసన కొట్టి పాడవుతుంది, చౌక సిలికాన్ జిగటగా మారుతుంది. మంచి స్టీలు లింకుల బ్రేస్‌లెట్ గానీ నేసిన నైలాన్ గానీ కొంటే వాచీ మారినా అది మిగులుతుంది. ఆపిల్ స్ట్రాప్‌లు 2015 నుంచి ఇప్పటిదాకా సైజు కుటుంబం సరిపోతే దాదాపు అన్ని తరాలకీ పడుతున్నాయి. గుండ్రటి వాచీలకైతే 20, 22 మిల్లీమీటర్ల మామూలు బెల్టులు ఏ వాచీల షాపులోనైనా దొరుకుతాయి.

ఇంకోవైపు 2025లో గూగుల్ పిక్సెల్ వాచ్ 4 తెచ్చింది. కేసు అల్యూమినియం, పైన గాజు, గొప్ప పదార్థమేదీ లేదు. కానీ స్క్రూలు విప్పి బ్యాటరీని, డిస్‌ప్లేని మార్చుకునేలా తయారు చేశారు. దాని ముందు తరాల వాచీల్లో ఈ వీలు లేదు. నా దృష్టిలో గత పదేళ్లలో స్మార్ట్‌వాచ్‌లో వచ్చిన అసలు ప్రీమియం ఫీచర్ ఇదే, దీనికి ఇరవై వేలు ఎక్కువడిగినా ఇస్తాను. ఐఫోన్‌తో పనిచెయ్యదు కాబట్టి మా ఇంట్లో ప్రస్తుతానికి దానికి చోటు లేదు. అందుకని అల్యూమినియం వాచీ, దాని మీద మూడొందల స్క్రీన్ గార్డ్‌తో కాలం గడుపుతున్నాను. షోరూమ్‌కి వెళ్లినప్పుడల్లా, లోహం గురించి చెప్పడం మొదలుపెట్టే సేల్స్ అబ్బాయిని మధ్యలో ఆపి, బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది, మార్చాక నా వాచీనే నాకిస్తారా అని అడుగుతున్నాను.